నా అద్దం లాంటి కుంట, బావమరిది బర్రెల మడుగు

ఇప్పుడు నేను చెప్పబోయేది అబద్ధమని ఎవరికైనా అనిపిస్తే, టీ గ్లాసు కింద పెట్టి, నా కళ్ళలోకి సూటిగా చూసి ఆ మాట అనండి. అనలేరు. మాచర్ల నుంచి గురజాల దాకా నా మాట కాదన్న మగాడు ఒక్కడే ఉన్నాడు. వాడు నా బావమరిది కోటయ్య. పోయిన తొలకరిలో నా మీసానికి గండం వచ్చిందీ వాడి వల్లే.

వెల్దుర్తి దగ్గర నా చేలో ఊటకుంట ఒకటుంది. నడివేసవిలోనూ ఎండదు. నేను ఒక్క గునపపు పోటు పొడిస్తే పడిన ఊట అది. అందులో కొర్రమీను పిల్లల్ని వదిలాను. గట్టుకవతల కోటయ్య బర్రెలు పొర్లే మడుగు. పైన నాచు, అడుగున పేడ, చుట్టూ వాసన. ఒకరోజు టీ కొట్టు దగ్గర పదిమందిలో అనేశాను: "తొలకరికల్లా నా కుంటలో ఒక్కో చేపని నా తొడంత చేస్తా. చెయ్యకపోతే కుడి మీసం గీయించుకుంటా."

"కుడిదేనా బావా? ఎడమది ఎవరికోసం దాస్తన్నావు?" అన్నాడు కోటయ్య.

"నీ ముందు తిప్పటానికిరా."

నా మీసమంటే మామూలు మీసం కాదు. అటొక నిమ్మకాయ, ఇటొక నిమ్మకాయ నిలబెట్టి నరసరావుపేట దాకా నడిచిన మీసం. దాన్ని పందెంలో పెట్టాక ఊరుకుంటానా? కుంటలో దిగాను. నాచంతా చాపలా చుట్టి బయట పారేశాను. తూటికాడ, తుంగ, తామర, పచ్చగా కనిపించిందల్లా వేళ్ళతో సహా పీకాను. బర్రెలు అడుగుపెట్టకుండా చుట్టూ తుమ్మకంప కొట్టాను. అయినా నీళ్ళు మసగ్గానే ఉన్నాయి. మన ఇళ్ళల్లో బురదనీళ్ళు తేరటానికి కుండలోపల చిల్లగింజ అరగదీస్తాం కదా? కుండకి ఒక గింజైతే కుంటకి ఎన్ని? గంపల కొద్దీ తెప్పించి, బండమీద నూరి నూరి కలిపాను. తెల్లారేసరికి అడుగున ఇసుకరేణువులు లెక్కపెట్టుకోవచ్చు. అందులో ముఖం చూసుకుని మీసం దువ్వుకున్నాను కూడా.

ముందు వచ్చినవి కొంగలు. బురదనీళ్ళలో కష్టపడి వెతుక్కునే పక్షులకి కంచంలో వడ్డించినట్టు చేపలు కనబడితే ఊరుకుంటాయా? అచ్చంపేట కాడ కృష్ణ ఒడ్డున ఉండే కొంగలు కూడా బంధువుల్ని వెంటేసుకుని వచ్చాయి. నేను కేకేస్తే నాలుగూళ్ళ కొంగలు లేచిపోయేవి, అది వేరే సంగతి. తర్వాత కప్పలు మకాం ఎత్తేశాయి. కప్పలు పోయాయని తెలిసి గట్టుమీది బీరపాదుకి పురుగు పట్టి, ఈనెలు తప్ప ఏమీ మిగల్చలేదు. కొంగలకి దొరక్కుండా అడుగున దాక్కున్న కొర్రమీనులు మాత్రం రోజురోజుకీ తలకాయ పెద్దదై, ఒళ్ళు తాడులా సన్నబడసాగాయి.

మా ఆవిడ మంగమ్మ వచ్చి చూసి నడుంమీద చెయ్యేసుకుంది.

"ఏందయ్యా ఇది? నాచు తినే పురుగుండాలి, పురుగును తినే చిన్న పరిగె చేపలుండాలి, పరిగెల్ని తినేదిగా కొర్రమీను. నువ్వు మొదట నాచే పీకితివి. ఇప్పుడవి ఏం తినాల? నీ గొప్పలు తిని బతకాల్నా?"

"నీకు తెలీదులేవే, శుభ్రంగా ఉంటే ఒళ్ళు పడతది."

"రోజుకి రెండుసార్లు తానం చేపిచ్చి కూడు పెట్టకుండా నిన్ను పడుకోబెడితే పడతదా ఒళ్ళు?"

నేను జవాబు చెప్పగలిగే వాణ్ణే. అంతలో తొలకరి పడింది.

వాన వెలిసిన పొద్దున కుంట దగ్గరికెళ్ళి చూద్దును కదా, నా కొర్రమీనులు గట్టెక్కి పోతున్నాయి. ఈదటం కాదు, పాకటం. ముందు ఒక పెద్దది, దాని వెనక మిగతావన్నీ, తడినేల మీద పొట్ట ఈడ్చుకుంటూ వరసగా, నేరుగా కోటయ్య మడుగు వైపు. చేతులు బారచాపి అడ్డం నిలబడ్డాను. ఏనుగునైనా ఆపేవాణ్ణి. ఆ పెద్దది మాత్రం నా కాళ్ళ సందున దూరి పోయింది. దాన్ని పట్టుకోబోయి నల్లరేగడిలో జారాను, జారి దొర్లాను, దొర్లి దొర్లి గట్టు దాటి బర్రెల మధ్యన మడుగులో పడ్డాను.

తల పైకెత్తితే నెత్తిన నాచు, చెవిలో పురుగు, పంచెలో తోకకప్పలు, మూతిని రాసుకుంటూ పరిగెల గుంపు. అంత మురికిలో అంత తిండి ఉంటదని మునిగితే గాని తెలియలేదు.

గట్టుమీద కోటయ్య వేపపుల్ల నములుతున్నాడు.

"రా బావా. చేపలన్నీ వచ్చినయ్, వాటి ఆసామి ఇంకా రాలేదేందా అని చూస్తన్నా."

వినాయకచవితి నాటికి నా చేపలు వాడి మడుగులో నిజంగానే తొడంత అయ్యాయి. వాడింట్లోనే పులుసు తిన్నాను. "చేప తొడంత అయిందిగా, మీసం ఉంచండిరా" అని వాదించాను. "నీ కుంటలో అన్నావు బావా" అని వడ్డిస్తూనే గుర్తుచేశాడు.

కుడి మీసం గీసేటప్పుడు మాత్రం నేను కన్నార్పలేదు. నా మీసం కోయలేక మంగలికత్తి రెండుసార్లు వంకరపోయింది. నమ్మకపోతే వెల్దుర్తి సంతలో ఆ కత్తి పట్టిన మనిషినే అడగండి. పేరు రామకోటి.