పరీక్షకు పోతుంటే పగిలిన తల

ఎంబీఏ సీటు కోసం ఐసెట్ రాద్దామని ఈ రోజు పాపన్నపేట నుంచి మెదక్ వచ్చాను. బస్టాండులో దిగి, ముందు కనపడ్డ ఆటో ఎక్కి, పరీక్ష సెంటరుకు పోవాలని చెప్పాను. వెంటనే వెనక ఆటో డ్రైవర్ కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

"లైన్ల ఇప్పుడు నంబర్ నాదిరా! నా గిరాకిని ఎట్ల ఎక్కించుకుంటవ్?"

మా డ్రైవర్ను కాలర్ పట్టి కిందికి లాగాడు. ఇద్దరూ రోడ్డు మీద పడి కొట్టుకున్నారు. నేను దిగి ఆపేలోపే అతను తన ఆటోలోంచి ఇనుప రాడ్డు తెచ్చి మా డ్రైవర్ తల మీద కొట్టాడు. ముఖమంతా రక్తం. జనం ఉరికొచ్చి రాడ్డు గుంజుకుని, కొట్టినవాణ్ణి కింద పడేసి తన్నారు.

నా చున్నీ తీసి గాయానికి కట్టాను.

"నడువన్నా, దవాఖానకు పోదాం."

"నిమిషం లేటైనా పరీక్షకు లోపలికి రానియ్యరు చెల్లె. నన్ను వీళ్లు తీస్కపోతరు. నువ్వు పో."

నేను వెళ్లిపోయాను. పరీక్షలో కంప్యూటర్ ముందు కూర్చున్నా ఆ రాడ్డు చప్పుడే వినిపించింది. చాలా ప్రశ్నలు చదవకుండానే ఏదో ఒకటి నొక్కాను.

అయిపోగానే నేరుగా దవాఖానకు పరుగెత్తాను. తలకు ఎనిమిది కుట్లతో పడుకున్న ఆ అన్న నన్ను చూడగానే అడిగిన మొదటి మాట: "మంచిగ రాసినవా?"

"మస్తు రాసిన" అని అబద్ధం చెప్పాను.

ర్యాంకు సంగతి దేవుడికెరుక. మీరైతే అప్పుడు పరీక్షకు పోయేవారా, దవాఖానకా? నన్ను తిట్టాలనిపించినా తిట్టండి, నిజమే చెప్పండి.