వదిన పాదం, బావి ఉప్పు

మిరపకు మంచి ధర పలుకుతోందని ఎనుమాముల మార్కెట్‌లో ఎవరో చెప్పేసరికి మా నాన్నకు ఇక కుదురు లేదు. ఆయన్ని మేం బాపు అనేవాళ్లం. గుట్ట కింద తాతల నాటి నుంచి పడావు పడ్డ భూమి మాకుంది. మోదుగు, తంగేడు, బలుసు. మేకలు తప్ప ఎవరూ దూరని పొదలు. ఎనభైల నడుమ ఒక ఎండాకాలం బాపు గొడ్డలి పట్టి అంతా కొట్టేసి, వేళ్లతో సహా పెకిలించి మిరప చేను చేశాడు. అదే ఎండాకాలం అన్న పెళ్లయి వదిన మా ఇంటికొచ్చింది.

వానలు ఎప్పటిలాగే పడ్డాయి గాని, పల్లంలోని మా బావి మాత్రం ఎన్నడూ లేనంత నిండింది. మెట్టు మీద కూర్చుని చెంబుతో ముంచుకునేవాళ్లం. "కోడలి పాదం మంచిది" అని ఊరంతా ఒకటే మాట. అమ్మ గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, వదిన కాళ్లకు పసుపు రాసింది. పాపం, వదినకు ఎటు చూడాలో తెలియలేదు.

మూడో ఏటికి నీళ్లు ఉప్పగా మారాయి. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉండేది. బావి చుట్టూ గట్ల మీద తెల్లగా చౌడు పేరుకుంది. పొగిడిన నోళ్లకు తిట్టడానికి ఎంతసేపు! అదే పాదాన్ని పట్టుకున్నారు. వదిన బావి దగ్గరికి పోవడమే మానేసింది. తనను పుట్టింట్లో దింపి రమ్మని అన్నను అడిగింది కూడా.

ఆ వారమే మట్టెవాడ నుంచి మేనత్త వచ్చింది. అన్నంలో పప్పు నలిపి చూసి, "తమ్మీ, గీ పిల్లను తల్లిగారింటికి తోలియ్యి. అడుగు పెట్టిన ఏళ మంచిగ లేదు" అంది. వదిన తలుపు వెనకే ఉంది.

బాపు చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.

"అక్కా, గుట్ట అవతలి బాయి నీళ్లు తాగి సూసొచ్చిన. తియ్యగున్నయ్. ఆడ పొదలు ఎవ్వలు కొట్టలే. ఈడ కొట్టింది నేను. పిల్లదేం తప్పు? గొడ్డలి నాది."

ఆయన తన తప్పు ఒప్పుకోవడం నేను వినడం అదే మొదటిసారి. పొదలు కొట్టేస్తే, అవి తాగాల్సిన వాన నీళ్లు లోపలికి దిగి, మట్టిలోని ఉప్పును కరిగించుకుని పల్లంలో తేలతాయని చాలా ఏళ్లకు ఎక్కడో చదివాను. ఆ రోజు బాపుకు తెలిసిందల్లా రెండు బావుల తేడా.

తెల్లారి నుంచి ఆయనే కావడి ఎత్తి, అవతలి బావి నుంచి తాగే నీళ్లు మోశాడు. "మామ కోడలికి నీళ్లు మోస్తాండు" అని ఊరు నవ్వింది. నవ్వనీ, నవ్వితే అరిగిపోతామా! చేను వదిలేసి పొదలను మళ్లీ మొలవనిచ్చాడు గాని, ఆయన ఉండగా బావి తీపెక్కలేదు.

మా వైపు కోడళ్లు మామ ఎదుట నోరెత్తరు. వదినా అంతే. ఒక పొద్దున బాపు కావడి దించలేక వాకిట్లో రొప్పుతుంటే, తను కొంగు నెత్తి మీదికి లాక్కుని ఎదురెళ్లింది.

"ఇటియ్యుండ్రి బాపూ, భుజం వాసింది."

మామా అనలేదు. బాపు కావడి ఇచ్చేశాడు. అటు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.