తుపాకి దించాక ఎవరుంటారు?

2022 వానాకాలం. హైదరాబాద్ అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో సివిల్స్ అభ్యర్థులకు అంతర్జాతీయ సంబంధాలు చెబుతున్నాను. ఏళ్ల తరబడి అవే పాఠాలు చెప్పి చెప్పి నా గొంతు నాకే విసుగు పుట్టించేది.

అంతర్యుద్ధాలు చర్చలతో ఎలా ముగుస్తాయో చెప్పడానికి మాక్ నెగోషియేషన్ పెట్టేవాణ్ని. అంటే ఉత్తుత్తి చర్చలు. సగం క్లాసు ప్రభుత్వం, సగం తిరుగుబాటుదారులు. క్లాసు అయ్యేలోగా ఒప్పందం కుదిరితే అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించేవాణ్ని. అందుకే ఏ బ్యాచ్‌లోనైనా శాంతి ఇట్టే కుదిరిపోయేది.

ఆ బ్యాచ్‌లో కుదరలేదు. తిరుగుబాటుదారుల తరఫున కూర్చున్న సుజాత ఎన్నికలకు, భూముల పంపకానికి ఒప్పుకుని ఆయుధాల దగ్గర ఆగిపోయింది.

“తుపాకి ఇచ్చినంక మమ్మల్ని ఎవరు కాపాడ్తరు సార్?”

“ఒప్పందం ఉందిగా అమ్మా.”

“అది కాయితమే కద సార్.”

“కానియ్ అక్కా, బజ్జీలు పోతయ్,” అన్నారెవరో వెనక బెంచీలోంచి. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

సరైన చోటే పట్టుకుంది. రెండు పక్షాలూ అలిసిపోయాక చర్చలకు వస్తాయి. కానీ ఆయుధం ముందు దించినవాడికి దిక్కుండదు. ఆ భయం తీరాలంటే మధ్యలో మూడో మనిషి నిలబడాలి. దాన్నే థర్డ్ పార్టీ గ్యారంటీ అంటాం. ఆ మాట బోర్డు మీద రాసి క్లాసు ముగించాను.

సుజాత మెట్ల దగ్గర కాచుకుని ఉంది. వాళ్లది మహబూబ్‌నగర్ వైపు. తల్లి అంబర్‌పేట్‌లో ఉంటూ కూలి పనికి పోతుంది.

“మా అన్న మల్లేశ్ అడవిల ఉన్నడు సార్. బయటికొస్తనని కబురు పంపిండు. వచ్చినంక ఏమైతదోనని అమ్మకు భయం. మీరు జర మధ్యల నిలబడ్తరా?”

నాకు నీరసం వచ్చింది. కోపమూ వచ్చింది. పాఠాలు చెప్పుకునేవాణ్ని పట్టుకుని ఇదేం అడగడం! కానీ బోర్డు మీద రాసింది నేనే. కాదనలేకపోయాను.

లాయరు మిత్రుణ్ని వెంటబెట్టుకుని వెళ్లాను. మల్లేశ్ అధికారుల ముందు తుపాకి పెట్టి బయటికి వచ్చేదాకా అక్కడే ఉన్నాను. నా పని అయిపోయిందనుకున్నాను.

మర్నాడే అతని ఫోను. “సార్, ఇంటి ముందట ఎవరో బండి ఆపిండ్రు.” అంబర్‌పేట్‌లో వాళ్లమ్మ ఇంటికి పరుగున వెళ్తే గ్యాస్ సిలిండర్ బండి. ఇంకోసారి, అడవిలో ఉన్నప్పుడు మల్లేశ్ మీద పగ పెంచుకున్నవాళ్లే నిజంగా వచ్చారు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న నన్ను చూసి వెనక్కి పోయారు. వాళ్లు సందు మలుపు తిరిగేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఇప్పుడు మల్లేశ్ నారాయణగూడలో జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాడు. మేముండే చిక్కడపల్లి గోల వదిలి విశాఖ వెళ్లిపోదామని మా ఆవిడ పోరుతోంది. నాకూ వెళ్లాలనే ఉంది. కానీ సంతకాలతో యుద్ధం ఆగుతుందే తప్ప ముగియదు. ముగియాలంటే ఎవరో ఒకరు, విసుక్కుంటూనైనా, ఉన్నచోటే ఉండాలి.

రోజూ షాపు మూశాక మల్లేశ్ ఫోన్ చేస్తాడు.

“సార్, ఉన్నరా?”

“ఉన్నానయ్యా.”

“ఏం లేదు సార్. ఊకెనే చేసిన,” అని పెట్టేస్తాడు.