పెదనాన్న మాట రాని మధ్యాహ్నాలు

మా పెదనాన్న పోయి పదమూడు రోజులైంది. గొంతులో తీసేసిన జబ్బే మళ్లీ వచ్చి తీసుకెళ్లిందని డాక్టరు చెప్పారు. ఊళ్లో అందరికీ ఆ సంగతి అప్పుడే తెలిసింది. నాకు ముందే తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన్ని ఎరగనివాళ్లకి ముందు ఆ గొంతు గురించి చెప్పాలి. మిరప చేను గట్టు మీద నిలబడి పిలిస్తే అవతలి పత్తి చేలో కూలీలు కూడా తలెత్తేవాళ్లు. నిరుడు ఆపరేషన్‌లో ఆ గొంతు పోయింది. గుంటూరు నుంచి తిరిగొచ్చాక రాసుకోమని పలక ఇస్తే విసిరికొట్టారు. నేనేమో ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం పిలుపు కోసం ఇంట్లో కాలు నిలవక తిరుగుతున్నదాన్ని. నా లాప్‌టాప్‌లో ఒక నోట్సు పేజీ పెట్టి, ఇంటి వైఫైలో ఉన్నవాటన్నిటికీ దాన్ని కలిపాను. ఆయన ఫోన్లో రాస్తే, వంటగదిలో కారం డబ్బా పక్కన నిలబెట్టిన ట్యాబ్‌లో పెద్దమ్మకి అప్పటికప్పుడే కనిపించేది. ఆయన రాసిన మొదటి మాట: "పప్పులో ఉప్పెక్కడ?" గొంతు పోయినా నోరు పోలేదని పెద్దమ్మ నవ్వి, కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే వచ్చే మాట ఒకటే. కూలీలకి మంచినీళ్లు పంపారా అని.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ పేజీ ఆగిపోయేది. రౌటర్ మళ్లీ లేచాక నా లాప్‌టాప్‌కి ఇంటి నెట్‌వర్కులో కొత్త చిరునామా నంబరు ఇచ్చేది, ఫోన్లు పాత నంబరు దగ్గరే తడుముకునేవి. నంబరు మారకుండా సరిచేశాను. రౌటర్‌ని ఇనప బీరువా మీంచి తీసి గోడకి బిగించాను. అయినా రోజూ రెండింటికి, భోజనాలయ్యాక, పేజీలో కలిసున్నవాళ్ల పేర్లలోంచి ఆయన పేరు మాయమయ్యేది. పది నిమిషాలకి తిరిగొచ్చేది.

చిన్నప్పుడు చేలోకి తీసుకెళ్తే పెదనాన్న ప్రతి ఆకునీ తిప్పి చూసేవారు. "పైన చూస్తే ఏం కనపడుద్దమ్మాయ్, తెల్లదోమ ఆకు కిందుంటది," అనేవారు. అలాగే నేనూ రౌటర్ లోపలికి వెళ్లి, ఎవరు ఎప్పుడు కలిశారో, ఎప్పుడు వెళ్లారో అది దాచుకునే జాబితా తెరిచాను. మిగతావన్నీ కదలకుండా ఉన్నాయి. వెళ్తున్నది ఆయన ఫోనొక్కటే. లైను తెగట్లేదు. ఆయనే వైఫై ఆపేస్తున్నారు.

వెళ్లి పక్కన కూర్చుంటే బుకాయించలేదు. వైఫై ఆపి, రాసి, ఫోను నా వైపు తిప్పారు.

"నొప్పి మళ్లీ మొదలైంది. రోజూ రాసుకుని చెరిపేస్తున్నా. కోతలయ్యేదాకా మీ పెద్దమ్మకి చెప్పకు. చెబితే కాయ చేలో వదిలేసి నన్ను ఆసుపత్రికి లాక్కెళ్లుద్ది."

ఎన్ని కోతలని అడిగితే మూడు వేళ్లు చూపించారు.

కాదనలేకపోయాను. చెరపక్కర్లేకుండా, ఆయనొక్కరికే కనిపించే పేజీ విడిగా చేసిచ్చాను. నా తెలివికి లోపల మురిసిపోయాను కూడా.

ఆ పేజీలో ఆయన గడిపే పది నిమిషాలు అరగంటైంది. అరగంట మధ్యాహ్నమంతా అయింది. ఈ పూట ఆయన మాట రావట్లేదేమే అని పెద్దమ్మ అడిగింది. రౌటర్ వేడెక్కుతోందన్నాను. మర్నాటి నుంచి ఆవిడ రెండయ్యేసరికి టేబుల్ ఫ్యాను తెచ్చి రౌటర్‌కి ఎదురుగా పెట్టి, తను పొయ్యి దగ్గర చెమటలు కక్కేది. గోడకి ఇవతల మంచం మీద పెదనాన్న ఆ ఫ్యాను చప్పుడు వింటూ నా మొహంలోకి చూసేవారు. నేను తల తిప్పుకునేదాన్ని.

రెండో కోత కాయలు కల్లంలో ఎండుతుండగా పోయారు.

నిన్న మధ్యాహ్నం పెద్దమ్మ నన్ను వంటగదిలోకి పిలిచింది.

"ఆ వైఫై మిషను బాగుపడిందా అమ్మా?"

"అదెప్పుడూ పాడవలేదు పెద్దమ్మా."

ఆవిడ లోపలికెళ్లి ఆయన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ రెండో పేజీని అందరి పేజీలో కలిపాను.

ట్యాబ్‌లో వరుసలు రావడం మొదలైంది. ఒక్కో మధ్యాహ్నానిదీ ఒక్కో వరుస. మంచినీళ్లు దిగలేదు. చెవిలోకి లాగింది. ఇవాళ ఆవిడ ఉప్మా చేసింది, తిన్నట్టు నటించాను. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని, కొత్త వరుస వచ్చి పాతదాన్ని పైకి తోస్తుంటే, దాన్ని వేలితో అదిమి పట్టుకుంది. వేలి కింది నుంచి వరుసలు జారిపోతూనే ఉన్నాయి.