శుభేచ్ఛుకుల శ్రద్ధాంజలి

గోడల మీద దేవుళ్ల బొమ్మలెందుకని వాదిస్తూ పెరిగినవాణ్ణి. మేం మగ్గాల పనికి వలసొచ్చిన ఈ మరాఠీ ఊరు నార్పోలిలో ఫ్లెక్సీలు మొదలయ్యాక ఆ దేవుళ్లే నయమనిపించింది.

మా పక్క గదిలో ఉండే మరమగ్గాల కార్మికుడు క్షయతో చనిపోయాడు. ఆయన భార్యను మేమంతా వదినె అనేవాళ్లం. దినాలు కాకముందే, పాన్‌డబ్బా నడుపుతూ అక్కడి నాయకుడి వెంట తిరిగే మావాడొకడు వచ్చి, ఫ్లెక్సీ వేయిస్తానని ఆయన ఫొటో పట్టుకుపోయాడు. ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే, పెళ్లైన కొత్తలో ఇద్దరూ స్టూడియోలో దిగింది.

తర్వాత చౌక్‌లో, మేం నీళ్లు పట్టుకునే నల్లా పక్కనే, ఫ్లెక్సీ లేచింది. నల్ల కళ్లద్దాలతో, చెవికి మొబైల్ ఆనించి, నవ్వుతూ నాయకుడు నిలువెత్తున ఉన్నాడు. చుట్టూ బంగారు గొలుసుల అనుచరులు. కింద మూలన, విస్తరాకంత మేర, చనిపోయిన మనిషి. పైన మరాఠీలో 'భావపూర్ణ శ్రద్ధాంజలి'. అనుచరుల పేర్ల మీద 'శుభేచ్ఛుక్'. నాయకుడి పుట్టినరోజు కోసం చేసి పెట్టుకున్న నమూనాలోనే చావును కూడా దించేశారు. చావుకు శుభం కోరుతున్నవాళ్ల పేర్లు చదివి మావాళ్లు మురిసిపోయారు.

"మనోని ఫొటో చౌక్ల పడ్డది. మామూలు ముచ్చటనా?"

ఎవరి మొహం ఎంత పెద్దగా వేస్తారో చూస్తే చాలు, ఆ ఊళ్లో మనిషి విలువెంతో తెలుస్తుంది.

వదినె బాధ వేరు. ఫొటోలోంచి ఆమెను కత్తిరించారు గానీ, భర్త భుజం మీది ఆమె చెయ్యి అట్లాగే మిగిలింది, నిండుగా గాజులతో. ఆ చేతి గాజులను ఆచారం పేరు చెప్పి మా ఆడవాళ్లే అప్పటికి పగలగొట్టేశారు.

నేను పాన్‌డబ్బాకు వెళ్లాను. "అది తీసెయ్యి. ఆమె నల్లా దాక పోలేకపోతున్నది."

"ఏందన్నా, గణపతి దాక ఉంటది. సాహెబ్ చూసి ఖుష్ అయిండు."

"సచ్చింది సాహెబా?"

"గట్లనకు. నీకేం తక్లీఫ్?"

"మరి ఆమె కాడ తెచ్చిన అసలు ఫొటో?"

"ప్రింటింగోని కాడ ఎటో పడ్డదట."

ఆ మాట వదినెకు చెప్పాను. మధ్యాహ్నం, నల్లా దగ్గర జనం ఉండగానే, స్టూలు వేసుకుని ఎక్కింది. దారాలు తెంచే కత్తెరతో ఆ మూలను, మొహం, భుజం, గాజుల చెయ్యి ఏదీ వదలకుండా కోసుకుని, కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

పాన్‌డబ్బావాడు ఉరికొచ్చాడు. ఫ్లెక్సీని పైనుంచి కిందిదాకా పరికించి, ఊపిరి పీల్చుకున్నాడు.

"సాహెబ్‌కు ఏం గాలే. ఉండనియ్యి."

చనిపోయినవాడు లేని ఆ శ్రద్ధాంజలి వినాయక చవితి దాకా వేలాడింది. ఎవరు పోయారని ఒక్కరూ అడగలేదు. నాయకుడికి దండం పెట్టేవాళ్లు పెడుతూనే పోయారు.