తూదా తిప్పిన కూస్‌కూస్ పళ్ళెం

ఆ శుక్రవారం, పిల్లలంతా గౌరవంగా 'లల్లా' అని పిలిచే తూదాకి వచ్చిన కోపానికి ఆవిడకి తెలిసిన మూడు భాషలూ చాల్లేదు.

ఇజ్జా మూట కట్టేసింది. మొరాకోలో అట్లాస్ కొండల పిల్ల, ఫిజిక్స్ మొదటి సంవత్సరం. ఇంట్లో కొండవాళ్ళ భాష తమజీగ్త్, బడిలో అరబ్బీ. ఇక్కడ ఫ్రెంచిలో పాఠాలు. ఒక్క ముక్క అర్థంకాక సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతానంటోంది.

తూదా కూడా ఒకప్పుడు ఇదే బెనీ మెల్లాల్ క్యాంపస్‌లో మొదటి ఏడాది తప్పి మూట కట్టింది. ఆపినవాళ్ళెవరూ లేరు. బస్సు తప్పిపోయింది కాబట్టి మిగిలింది. ఇప్పుడు ఫిజిక్స్ ల్యాబ్ ఆవిడ చేతిలో ఉంది. శుక్రవారం నమాజు తర్వాత పక్కగదిలో పిల్లలకి గోధుమరవ్వ ఆవిరిమీద ఉడికించి కూస్‌కూస్ పెట్టేదీ ఆవిడే. విశ్వవిద్యాలయం వాళ్ళు ఏటా వైవిధ్య దినం చేస్తారు, కొండపిల్లలకి వెండినగలు పెట్టి ఫొటోలు తీస్తారు. మర్నాడు మామూలే. ఆ సంబరమంటే తూదాకి ఒళ్ళు మంట.

అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. ఇజ్జా ముందున్నది అయిపోయి మట్టిపళ్ళెం అడుగు కనిపిస్తోంది. అయినా పక్కకి చెయ్యి పోనివ్వడంలేదు.

"ఇజ్జాకి ఆకలి లేనట్టుంది," అన్నాడు కాసాబ్లాంకా మహానగరం నుంచి వచ్చిన ఘాలీ.

"ఆకలి లేకేంట్రా గాడిదా! తన వైపు దాటకూడదని ఇంట్లో నేర్పారు. క్లాసులోనూ ఆ పిల్ల అంతే. నువ్వేమో ప్రొఫెసర్ నోరు తెరవకముందే చెయ్యెత్తుతావు!"

అని తూదా పళ్ళేన్ని గిర్రున తిప్పేసింది. పిల్లలు నోళ్ళు తెరిచారు. తినేవాళ్ళ ముందు పళ్ళెం తిప్పడమా!

"లల్లా! మా అమ్మమ్మ చూస్తే చెయ్యి విరగ్గొట్టేది," అంది సఫియా.

"అందుకే ఆవిణ్ణి పిలవలేదు. ఎవరి వైపు మీ ముందుకొస్తే వాళ్ళ భాషలో ఈ వారం పాఠం చెప్పాలి. చెప్పినవాళ్ళకే నడిమధ్యనున్న మాంసం."

ఇజ్జా వైపు ఘాలీ ముందు ఆగింది. పాఠం ఘర్షణ. వాడికొచ్చిన తమజీగ్త్ అంతా కలిపి పిడికెడు.

"రాయి... కొండ... రాయి రానంటోంది," అన్నాడు చెమటలు కక్కుతూ.

ఇజ్జా కిసుక్కున నవ్వింది. "రాయి అననక్కర్లేదు, నేలే పట్టుకుంటుంది! మంచులో మా గాడిద డెక్క చూడు..."

"మళ్ళీ నన్నేనా?"

నవ్వులు ఆగాక ఇజ్జా గుమ్మడిముక్క తీసుకుంది. పులుసు తడిలో జార్చింది, పొడి గింజల మీద ఆపింది. తమజీగ్త్‌లో మొదలుపెట్టి అరబ్బీలోకి దూకి మొత్తం చెప్పేసింది. మధ్యలో ఫ్రెంచి మాటలు ఘాలీ అందించాడు. ఆఖర్న తనే అడిగింది: "కదిలించేటప్పుడు అంత బలం కావాలి, కదిలాక తక్కువ చాలు. ఎందుకు?"

అందరూ తూదా వైపు తిరిగారు.

"సోమవారం క్లాసులో అడుగు," అంది తూదా.

"ఏ భాషలో?"

"వచ్చిన భాషలో. నేను పక్కనే కూర్చుంటా. ఫ్రెంచి సంగతి ఈ గాడిద చూసుకుంటాడు."

"మరి బస్సు?"

"సోమవారం తర్వాత కూడా బస్సులు తిరుగుతాయిలే, పిల్లా."

ఇజ్జా కాసేపు మూట వంక చూసింది. కాలితో దాన్ని గోడవారకి నెట్టి, పళ్ళెం నడిమధ్యకి చెయ్యి చాచింది.

"అది నా మాంసం!" అన్నాడు ఘాలీ.

"నువ్వు పాఠం చెప్పలేదుగా," అంది ఇజ్జా నోటినిండా పెట్టుకుని.