నల్లటి చేతులతో ప్రభు బల్ల దగ్గరికి

ఏడేళ్లపాటు ప్రభు బల్ల ముందు నుంచి ఆకలితో తిరిగి వెళ్లినదాన్ని నేను, సహోదరులారా, సహోదరీలారా! నెలనెలా మొదటి ఆదివారం గుడిలో ప్రభువు శరీరానికి గుర్తుగా పంచే రొట్టె పళ్లెం చేతి నుంచి చేతికి మారుతూ నా ముందుకు వచ్చేది, నేను కొంగు కప్పుకున్న చేత్తోనే దాన్ని పక్కవాళ్ల వైపు జరిపేసేదాన్ని, తల దించుకునేదాన్ని, ఆ తర్వాత అందరితోపాటు పాటకు పెదవులు కదిపి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించుకునేదాన్ని. నన్నెవరూ వెలి వేయలేదు. నన్ను నేనే వెలి వేసుకున్నాను.

నా పేరు రాహేలు. మాది మందస దగ్గర ఉద్దానంలో ఒక పల్లె. ఈ సంగతి సంఘంలో నిలబడి ఒకసారి చెప్పాను, అది విని మా పాస్టరు అయ్యగారు సంఘం పత్రికకు కూడా రాసి ఇమ్మన్నారు. నేను చదివింది ఏడో తరగతి, నోటి దురుసు మాత్రం డిగ్రీ దాకా ఉందని మా ఆయన యాకోబు అంటాడు, కనక ఎక్కడైనా మాట కటువుగా పడితే మన్నించండి.

పెద్ద తుఫానుకు మా వైపు జీడితోటలు, కొబ్బరిచెట్లు నేలకూలిన ఏడాది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తోటపని లేక యాకోబు ఇంట్లో కూర్చుంటే, నేను రోజూ బస్సెక్కి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పిక్కలు కొట్టడానికి వెళ్లడం మొదలుపెట్టాను. పిక్కను కత్తి కింద పెట్టి చీలిస్తే పప్పు బయటికొస్తుంది, దాంతోపాటే తొక్కలోని నూనె కూడా కారుతుంది, ఆ నూనె పడిన చోట చర్మం కాలిపోతుంది. బూడిద రాసుకున్నా, ఆముదం పూసుకున్నా నెల తిరిగేసరికి అరచేతులు బొగ్గులాగా నల్లబడతాయి, వేళ్ల చివర్లు పొరలు పొరలుగా ఊడతాయి. నిమ్మకాయ రుద్దాను, చింతపండు రుద్దాను, బట్టల బ్రష్షు పెట్టి రక్తం వచ్చేదాకా తోమాను. అయినా నలుపు వదల్లేదు.

అలా పనిలో చేరిన కొత్తలో ఒక మొదటి ఆదివారం, రొట్టె పళ్లెం మా వరసకు వచ్చింది. నా పక్కన కరుణమ్మగారు కూర్చున్నారు. ఆవిడ మా సంఘంలో అందరికంటే పెద్దావిడ, బల్లకు రొట్టె కోసి పెట్టే సేవ ముందునుంచీ ఆవిడదే. నేను చెయ్యి చాపగానే ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

“ఏటే ఆ సేతులు? కడుక్కోకుండా ఒచ్చినావేటి?”

వెనక వరసలో ఎవరో ఇద్దరు కిసుక్కున నవ్వారు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అంతే, జరిగింది అంతే సహోదరులారా! ఆ మరుసటి వారం నుంచి నేను చిట్టచివరి బెంచీకి మారిపోయాను, అక్కడ మా ఫ్యాక్టరీ ఆడవాళ్లు కూర్చుంటారు. రొట్టె విరిచే ముందు అయ్యగారు ప్రతిసారీ, అయోగ్యంగా ఎవరూ ఈ బల్లలో చెయ్యి వేయవద్దు, హృదయాన్ని పరీక్షించుకోండి అని హెచ్చరిస్తారు కదా, అందరూ హృదయం వైపు చూసుకుంటే నేను చేతుల వైపు చూసుకునేదాన్ని.

ఆ నలుపు చేతుల దగ్గర ఆగలేదు. అంతకుముందు సండేస్కూలు పిల్లలకు చేతులు ఊపుతూ పాటలు నేర్పించేదాన్ని, అది మానేశాను. పెళ్లిళ్లలో అందరూ తిని లేచాక ఆఖరి బంతిలో కూర్చునేదాన్ని. కొత్తగా చేరిన ఆడపిల్లలకు పని నేర్పించమని ఫ్యాక్టరీలో మేస్త్రీ అడిగితే నావల్ల కాదన్నాను, ఎవరేం అడిగినా నావల్ల కాదన్నాను. నాలాంటిదానికెందుకులే అన్న మాట నా నోట్లో ఊతపదమైపోయింది.

మన సంఘాల్లో రొట్టె తీసుకోనివాళ్లను చూసి జనం ఏమనుకుంటారో మీకు తెలియనిది కాదు. ఏదో దాచిన పాపం ఉందని అనుకుంటారు. అయ్యగారు ఇంటికొచ్చి మెల్లగా అడిగారు, నేను తల అడ్డంగా ఊపి ఊరుకున్నాను. మా ఆయనకూ మనసులో పురుగు దొలిచింది. “ఒలే, నాకు తెలీకుండా ఏటి సేసినావు?” అని ఒకసారి సూటిగా అడిగాడు. చేతులు నల్లగా ఉన్నాయని మానేశానంటే నమ్ముతాడా? నాకే నమ్మశక్యంగా లేని కారణం ఆయనకేం చెప్పను! ఏడ్చాను గాని చెప్పలేదు, ఆ ఏడుపు చూసి ఆయన అనుమానం ఇంకా పెరిగింది.

ఇలా ఏడేళ్లు గడిచాక శాంతి అని ఒక అమ్మాయి ఇచ్ఛాపురం వైపు నుంచి మా ఊరికి కోడలిగా వచ్చింది. ఫ్యాక్టరీలో నా పక్క పీట మీదే పని, గుడిలో నా పక్కనే కూర్చోవడం. బాప్తిస్మం తీసుకున్నాక ఆమెకు మొదటి బల్ల వచ్చింది. ఆ అమ్మాయి ముఖం ఆ రోజు ఎంత వెలిగిపోతోందో! పళ్లెం వచ్చింది. ఆమె నా వైపు చూసింది, కొంగులో ఉన్న నా చేతులవైపు చూసింది, తన చేతులు కూడా పైటలో పెట్టుకుని పళ్లెం పక్కకు జరిపేసింది. మర్నాడు పలాస బస్సులో ఎందుకలా చేశావని అడిగాను.

“నువ్వు తీసుకోవు కదక్కా. పిక్కలు కొట్టే సేతులకి కూడదనుకున్నాను.”

నేను ఒక్కదాన్నే పక్కకు తప్పుకున్నాననుకున్నాను, కాని నేను దేవుని బల్ల ముందు ఒక కొత్త చట్టం రాసి పెట్టాను! ఆ రోజు పనిలో కత్తి దగ్గర కూర్చునే కళ్లు తెరిచే ప్రార్థించాను. “ప్రభువా, నా సిగ్గు నాకాడే ఉంటాదనుకున్నాను. ఆ శాంతి గుంటకి అంటింది. నన్నేటి సేత్తావో సెయ్యి గానీ, దాన్ని నీ బల్లకాడికి తీసుకురా.” నా కోసం నేను అడగలేదు, అడిగే ధైర్యం నాకింకా రాలేదు.

ఆ వారమే అయ్యగారి భార్య దగ్గర మనసు విప్పాను. ఆమె నన్ను టెక్కలిలో ఉన్న ఎస్తేరక్క దగ్గరికి పంపింది. ఎస్తేరక్క నర్సుగా చేసి రిటైరైంది, ఆ తర్వాత లైఫ్ కోచింగ్ అనే పని నేర్చుకుని, నాలాగా తమను తాము తక్కువ చేసుకుని కుంగిపోయినవాళ్లతో గురువారం మధ్యాహ్నాలు తన ఇంటి వరండాలో కూర్చుంటుంది. కోచింగ్ అంటే మాకు ఉద్యోగ పరీక్షల కోచింగే తెలుసు, ఈ వయసులో నువ్వే పరీక్ష రాస్తావని యాకోబు వెటకారం చేశాడు. సంఘంలో ఒకరిద్దరు, ఇవన్నీ లోకపు పద్ధతులు, ప్రార్థన చాలదా అన్నారు. జ్వరమొస్తే మాత్ర వేసుకుని మరీ ప్రార్థన చేసేది మీరు కాదా అని నేను తిరిగి అడిగాను.

మొదటి గురువారం ప్రార్థన చేసుకుని కూర్చున్నాం. ఇది వైద్యం కాదనీ, మనసుకు జబ్బు ఉందనిపిస్తే డాక్టరు దగ్గరికి తానే తీసుకెళ్తాననీ, తాను సలహాలు ఇవ్వననీ, అడుగుతాననీ, దారి నేనే వెతుక్కోవాలనీ ఎస్తేరక్క ముందే చెప్పేసింది. నేను పనికిమాలినదాన్నక్కా అన్నాను. ఆ మాట ఎవరిది అని అడిగింది. నాదే అన్నాను. మొదట ఎవరిది అని మళ్లీ అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది! సగం రోజు పని మానుకుని, ఎండలో హైవే మీద బస్సు కోసం నిలబడి వస్తే ఈవిడ నన్నే తిరిగి అడుగుతోందేమిటి అనుకున్నాను. వెళ్లేముందు ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఈ చేతులు ఆ రోజు ఏం చేశాయో రోజూ రాయమంది.

రెండు రోజులు ఏమీ రాయలేదు. మూడో రోజు కోపంగా, పిక్కలు కొట్టాను అని రాశాను. తర్వాత మెల్లగా ఒక్కొక్కటీ వచ్చి చేరాయి. యాకోబుకు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేశాను. శాంతి వేలు కత్తి కింద పడితే కట్టు కట్టాను. వానకు తడిసిన పక్కింటి వాళ్ల వడియాలు ఎత్తి లోపల పెట్టాను. రెండో గురువారం వాటిని పైకి చదవమంది ఎస్తేరక్క. సగం చదివి మళ్లీ మొదటి పేజీకి తిప్పాను, ఎందుకంటే ఆ పుస్తకంలో ఉన్న మనిషిని నేను ఏడేళ్లుగా ఎన్నడూ చూడలేదు.

ఆ రోజే కరుణమ్మగారి సంగతి మొత్తం చెప్పాను. ఎస్తేరక్క కాగితం మధ్యలో ఒక గీత గీసి, జరిగింది ఒక పక్క రాయి, దానికి నువ్వు కలిపింది ఇంకో పక్క రాయి అంది. జరిగింది ఒక్క వరస కూడా నిండలేదు: ఒక పెద్దావిడ నా చేతులు చూసి ఒక మాట అంది. నేను కలిపింది కాగితం కింది దాకా పోయింది: అందరూ నన్ను అసహ్యించుకుంటున్నారు, నేను పిల్లలకు నేర్పడానికి తగను, మా ఆయనకు తగను, దేవుడికి నేనక్కర్లేదు. ఇందులో ప్రభువు అన్న మాట ఏది, చూపించు అంది. నేను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

వచ్చే గురువారంలోపు ఏం చేస్తావు అని అడిగింది. కరుణమ్మగారిని అడుగుతానని నా నోటితో నేనే అన్నాను. వెళ్లాను కూడా. ఆవిడ అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తోంది, చూపు తగ్గిపోయి నన్ను గొంతును బట్టి గుర్తుపట్టింది. జరిగిందంతా చెప్పాను. ఆవిడ చేతిలోని మునగరెమ్మ పక్కన పెట్టింది.

“నానన్నానేటమ్మా? నాకు గేపకం నేదు.”

క్షమాపణ చెబుతుందని వెళ్లాను, లేదా తిడుతుందని వెళ్లాను, మరిచిపోయి ఉంటుందని మాత్రం అనుకోలేదు! దారంతా కోపంతో ఏడ్చుకుంటూ నడిచాను. “ప్రభువా, ఆవిడకి గేపకమే నేదంట. ఆవిడ మర్సిపోయిన మాటని నాను ఏడేళ్లు మోసినాను. నువ్వైనా ఆ పొద్దు నన్ను సూసినావా, నేదా?” అని దేవుణ్ని నిలదీశాను. ఆకాశంలోంచి స్వరమేదో వినిపించిందని అబద్ధం రాయను. కానీ నడుస్తూ నడుస్తూ ఉండగా, తిరిగి లేచిన ప్రభువు తన స్నేహితుల ముందు మేకులు దిగిన చేతుల్ని దాచుకోలేదని, చాపి మరీ చూపించాడని గుర్తొచ్చింది. నేను చిన్నప్పటి నుంచి విన్న సంగతే అది. ఆ సాయంత్రం మాత్రం దారి మధ్యలో నిలబడిపోయి, నా రెండు చేతులూ ముందుకు పెట్టుకుని చూసుకున్నాను. ఆవిడ క్షమాపణ చెప్పినా చెప్పకపోయినా నేను లోపలికి వెళ్లొచ్చని, తలుపు వేసి ఉంచింది ఆవిడ కాదని నాకు అర్థమైంది.

ఇంటికొచ్చి యాకోబుకు అంతా చెప్పాను. ఆయన నా చేతులు పట్టుకుని, “ఇంతేనా? నానేటేటో అనుకున్నాను” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మర్నాడు బస్సులో శాంతికి కూడా, తప్పు నాది, నేను నీకు తప్పు నేర్పాను అని చెప్పాను. ఆమె వెంటనే నమ్మలేదు. నువ్వు తీసుకుంటే నేనూ తీసుకుంటానంది.

మొదటి ఆదివారం వచ్చింది. అయ్యగారు ఎప్పటిలాగే హెచ్చరిక చదివారు. ఈసారి నేను చేతులవైపు చూసుకోలేదు. పళ్లెం మా బెంచీకి వచ్చింది, కొంగులోంచి చెయ్యి బయటికి తీయడానికి పెద్ద బండ ఎత్తినంత బలం కావలసి వచ్చింది, దేవునికే మహిమ, తీశాను! తెల్లటి రొట్టె ముక్క నా నల్లటి వేళ్ల మధ్యకు వచ్చింది. తిన్నాను. పళ్లెం శాంతికిచ్చాను, ఆమె కూడా తీసుకుంది. ఏడేళ్లుగా ఆ సమయంలో తల దించుకునేదాన్ని కాబట్టి శాంతిని తప్ప నా బెంచీలో ఇంకెవరినీ నేనెన్నడూ చూడలేదు. ఆ రోజు తలెత్తి చూశాను. శాంతి పక్కన మా ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఇంకో ఇద్దరు పళ్లెం పట్టుకుని ఏడుస్తున్నారు. వాళ్లు కూడా నాలుగేళ్లుగా నన్ను చూసే పళ్లెం జరిపేస్తున్నారట. నాకీ సంగతి తెలియనే తెలియదు.

నా చేతులు ఇవాళ్టికీ నల్లగానే ఉన్నాయి. పిక్కలు కొడుతూనే ఉన్నాను, కొత్తవాళ్లకు పని నేర్పుతున్నాను, సండేస్కూలు పిల్లలు మళ్లీ నా చేతుల్ని చూసి పాటలు నేర్చుకుంటున్నారు. నన్ను విడిపించింది దేవుడే, ఎస్తేరక్క ప్రశ్నలను ఆయన తన పనిముట్టుగా వాడుకున్నాడు, ఆమె కూడా ఈ మాటే చెబుతుంది. ఆయనకు వందనాలు, ఎన్ని చెప్పినా చాలవు!

ఇది చదువుతున్న నా సహోదరీ, నా సహోదరుడా, నీ కొంగులో నువ్వేం దాచుకున్నావో నాకు తెలియదు. తగినవాళ్లం అయ్యాక వద్దామని ఆగకు, అలా ఆగితే నీ పక్కనున్నవాళ్లు కూడా ఆగిపోతారు. ఒక నమ్మకమైన మనిషి ముందు నోరు విప్పు, ప్రభువు ముందు చెయ్యి చాపు, ఆయన ఆ చేతిని తోసేయడు. ఎక్కడా జాగా లేదనిపిస్తే మా చివరి బెంచీకి రా. వెనక వరసకు రొట్టె చాలడం లేదని తెలిసి, చూపు తగ్గినా ఆ సేవ మానని కరుణమ్మగారు మొన్నటి బల్ల ఆదివారం నుంచి ఒక రొట్టె ఎక్కువ కోస్తున్నారు.